మొదటి ఊదు

ఇర్వింగ్, టెక్సాస్
అక్టోబరు 9, 1983

కరుణక్కకు, బావకు, నవోమికి వందనాలు.

ఇప్పుడే చర్చి నుంచి వచ్చాను. శాంతి వడ్డించేలోపు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నాన్నగారి క్లారినెట్ నవోమికి ఇవ్వమని నువ్వు ఫోన్‌లో అడిగిన దగ్గర్నుంచీ నాకు వేరే ఆలోచన లేదు. మార్చిలో పిల్లల ఆర్కెస్ట్రాకి ఆడిషన్ ఉందనీ, స్కూలువాళ్లిచ్చిన ప్లాస్టిక్ దానితో నెగ్గడం కష్టమని వాళ్ల బ్యాండ్ టీచరమ్మ చెప్పిందనీ అన్నావు. ఆవిడ చెప్పింది నిజమే.

కానీ అక్కా, అది ఎలాంటి వస్తువో నీకు తెలియనిదా? నాన్నగారు, ఊరందరి ఏసుపాదం మాస్టారు, చింతపల్లి మిషన్ స్కూలు బ్యాండుని అన్నేళ్లు నడిపించింది దాంతోనే. ఆ కొండల్లో డిసెంబరు పొద్దున్న నోరు తెరిస్తే పొగ వచ్చేది. మిగతా పిల్లలు ఊదితే వాళ్ల క్లారినెట్లు చలికి శ్రుతి దిగిపోయి ఏడ్చేవి. ఊదగా ఊదగా లోపల వేడెక్కితే గానీ పైకి వచ్చేవి కావు. అందాకా నాన్నగారి చేత వాళ్లకి తిట్లే. నేను మాత్రం నాన్నగారి దాన్ని తీసి నోట పెట్టుకుంటే మొదటి ఊదే శ్రుతిలో పలికేది. అది ఆ కర్ర మహిమ. నా పెదవిలో కూడా ఏదో ఉందని నాన్నగారు ఒకసారి మిషన్ దొరగారి ముందు అన్నారు. నేను చెప్పుకోకూడదు గానీ, ఆయన అన్నది నిజం.

అందుకని ఊరికే ఇవ్వను. నవోమి రోజూ పొద్దున్న, స్కూలు బస్సు ఎక్కకముందే సాధన చెయ్యాలి. నోటి దగ్గర బిగించే రెల్లుబద్ద, ఆ రీడు, తడిపి పెట్టుకోవాలి. ముందు ఒక్కొక్క స్వరాన్నీ దమ్మున్నంతసేపు పట్టి ఊదాలి, ఆ తర్వాతే స్వరాల వరసలు, స్కేళ్లు, ఆ తర్వాతే పాఠం. అయ్యాక లోపల గుడ్డ లాగి చెమ్మ తుడవాలి. రోజూ మొదటి ఊదూ చివరి ఊదూ క్యాసెట్లో రికార్డ్ చేసి నాకు పంపాలి. నమ్మకం లేకనా అనకు. మా ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసినవాళ్లు అన్నీ బాగున్నాయనే అంటారు. బాగాలేనివి పట్టుకోవడానికే నాకు జీతం ఇస్తున్నారు.

సాంబారు వాసన పిలుస్తోంది. ఉంటాను.

నీ తమ్ముడు
ప్రేమానందం

*

అరోరా, ఇల్లినాయ్
అక్టోబరు 23, 1983

ఒరే ప్రేమా,

నీ ఉత్తరం నవోమికి చదివి వినిపించాను. అంతా విని "మామ్, మామయ్య పోలీసా?" అంది. కాదమ్మా, అంతకంటే ఎక్కువ అన్నాను. మీ బావ అయితే సోఫాలో పడీ పడీ నవ్వారు.

పిల్ల ఒప్పుకుంది. బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీను పక్కన కుర్చీ వేసుకుంది. రాత్రిళ్లు మీ బావ హీటు బాగా తగ్గించేస్తారు కదా, పొద్దున్నే కింద కోటు లేకుండా నిలబడలేం. అయినా పిల్ల దిగి వెళుతోంది. నేను హాస్పిటల్‌లో నైట్ డ్యూటీ చేసి వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంటోంది. తను లేచేలోపు నేను కాఫీ పెట్టుకుంటాను, తన రీడు గ్లాసులో నీళ్లలో వేసి ఉంచుతాను. నువ్వు చెప్పావని కాదు, నాకు ఆ అలవాటు ముందే ఉంది.

అది సరే, నువ్వు ఆ క్లారినెట్ ఊది ఎన్నేళ్లయింది? శాంతి మొన్న ఫోన్‌లో చెప్పింది, నాన్న శాలువాలో చుట్టి బట్టల క్లోజెట్ పైఅరలో పెట్టావట. సాధన ఎలా చెయ్యాలో అంత బాగా రాశావు, చదువుతుంటే నాకే ఆయాసం వచ్చింది.

మొదటి క్యాసెట్ ఈ కవర్లోనే ఉంది. మంచిమాట ఒకటి రాయి. పిల్ల ఎదురుచూస్తుంది.

అక్క

*

ఇర్వింగ్
నవంబరు 20, 1983

అక్కా,

క్యాసెట్లన్నీ విన్నాను. ముందు మంచిమాట రాస్తాను, అడిగావు కనుక. పిల్ల ఊదు గుండ్రంగా ఉంది. దమ్ము నిలుస్తోంది. స్కేళ్లలో తొందర తగ్గితే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు రెండో మాట. దీన్ని నువ్వు ఎవరికీ చదివి వినిపించకు.

మొదటి ఊదూ చివరి ఊదూ ఒకే శ్రుతిలో ఉన్నాయి. ఒక రోజు కాదు, అన్ని రోజులూ. అదెలా కుదురుతుంది? మీ బేస్‌మెంట్‌లో కోటు లేకుండా నిలబడలేమని నువ్వే రాశావు. రాత్రంతా అక్కడ పడున్న ప్లాస్టిక్ క్లారినెట్ పొద్దున్నే శ్రుతి దిగి పలకాలి, సాధన అయ్యేసరికి పైకి రావాలి. రాలేదంటే, రికార్డ్ చేసేటప్పటికే అది వేడిగా ఉంది. అంటే నాకు తోచేది ఒక్కటే. వారమంతా ఎగ్గొట్టి, ఏ ఆదివారం మధ్యాహ్నమో కూర్చుని, "ఇది సోమవారం, ఇది మంగళవారం" అని చెప్పుకుంటూ ఒక్క ఊపులో అన్నీ రికార్డ్ చేసేస్తోంది.

టేప్ రికార్డర్ స్పీడు తేడా అంటావేమో. అది నాకు తెలుసు. స్పీడు తేడా ఉంటే రెండూ కలిసి మారతాయి. నేను ఒక రోజు మొదటి ఊదుని అదే రోజు చివరి ఊదుతో పోలుస్తున్నాను.

పిల్లని కొట్టకు, తిట్టకు. కనిపెట్టి చూడు. నువ్వు పొద్దున్నే ఇంట్లోనే ఉంటావు కదా.

ప్రేమానందం

*

అరోరా
డిసెంబరు 4, 1983

ప్రేమా,

నీ చెవులు మండా! తేడా లేదన్న సంగతి కూడా నీకెలా వినిపించిందిరా?

నవోమి రోజూ పొద్దున్నే ఊదుతోంది. నా మాట నమ్ము. పైన వంటింట్లో కూర్చుని నేను వింటూనే ఉంటాను. క్లారినెట్ పెట్టె ఇల్లు వేడి చేసే ఫర్నెస్ పక్కన ఉంటుంది, ఆ వేడికి అలా అయ్యుంటుంది. ఇంక ఆ సంగతి వదిలెయ్.

మంచు మొదలైంది. హాస్పిటల్ పార్కింగ్‌లో మొన్న జారి పడ్డాను, దెబ్బేం తగల్లేదు. క్రిస్మస్‌కి ఇక్కడి తెలుగువాళ్లందరం మా ఇంట్లోనే ప్రార్థన పెట్టుకుంటున్నాం. నవోమి రెండు కీర్తనలు ఊదుతుంది. చేపల పులుసుకి చింతపండు చాలడం లేదు, అక్కడి ఇండియన్ షాపులో దొరికితే కాస్త పంపు.

పిల్ల తన వచ్చీ రాని తెలుగులో రెండుసార్లు అడిగింది, "మామయ్య ఏం రాసాడు మామ్, నేను బాగా ఊదిందా?" అని. బాగా ఊదావని రాశాడన్నాను. రెండో మాట చెప్పలేదు. నువ్వు కూడా ఇంకెక్కడా అనకు. బతిమాలుతున్నాను అనుకో.

అక్క

*

ఇర్వింగ్
డిసెంబరు 18, 1983

అక్కా,

నువ్వు ఎప్పుడూ నన్ను బతిమాలలేదు. ఇప్పుడు బతిమాలుతున్నావంటే అక్కడ ఏదో ఉంది.

ఫర్నెస్ అన్నావు. నిన్న బావకి ఫోన్ చేసి వేరే మాటల మధ్య అడిగాను. ఫర్నెస్ ఉన్నది గ్యారేజీ వైపు గదిలో, వాషింగ్ మెషీను ఇవతలి గదిలో అన్నారు. క్లారినెట్ పెట్టె ఎక్కడుంటుందంటే వాషింగ్ మెషీను మీదే అన్నారు. నువ్వు నాకు అబద్ధం రాశావు. ఎందుకు రాశావు?

ఇంకొకటి. ఈసారి వచ్చిన క్యాసెట్‌ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గురువారం నాటి మొదటి ఊదుకి ముందు మెట్ల మీద అడుగుల చప్పుడు ఉంది. ఎవరో పైకి ఎక్కి వెళుతున్నారు. ఆ వెనకే పిల్ల గొంతు, "థర్స్‌డే" అని. శుక్రవారమూ అంతే. అంటే పిల్ల రాకముందే అక్కడ ఎవరో ఉన్నారు, క్లారినెట్ ఊదారు, వేడెక్కించారు, వెళ్లిపోయారు. ఎవడు వాడు? స్కూలు బ్యాండులో వాడా? పిల్ల బదులు వాడు ఊదుతున్నాడా? తెల్లారకుండా మీ బేస్‌మెంట్‌లోకి మగపిల్లాడు వచ్చి పోతుంటే పైన కూర్చుని కాఫీ తాగుతున్నావా? లేక తెలిసే కడుపులో పెట్టుకున్నావా?

నాకు కోపం కాదు, భయం. నవోమి నా మేనకోడలు. కానీ ఈ అనుమానం తీరేదాకా నాన్నగారి క్లారినెట్ గడప దాటదు. జనవరి లోపు నువ్వు నిజం రాయకపోతే మా చర్చికి ఇచ్చేస్తాను. అక్కడ అబద్ధం చెప్పకుండా ఊదేవాళ్లున్నారు.

చింతపండు విడిగా పార్సెల్ చేశాను.

ప్రేమానందం

*

అరోరా
డిసెంబరు 31, 1983

ప్రేమానందానికి,

నీ ఉత్తరం మేం ప్రార్థనకి కుర్చీలు సర్దుకుంటుండగా వచ్చింది. వంటింట్లో బల్ల మీద పెట్టి మరిచిపోయాను. ఆదివారం ఆదివారం నేను దగ్గర కూర్చుని నవోమి చేత తెలుగు బైబిల్లో కీర్తన చదివిస్తాను కదా, ఆ చదువు ఇందుకు పనికొచ్చింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని నీ ఉత్తరమంతా చదివింది. చదివి, "ఎవడు అంటే బాయ్ కదా మామ్?" అని అడిగింది. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

క్రిస్మస్‌కి ఊదలేదు. వచ్చినవాళ్లందరూ అడిగారు, ఒంట్లో బాగాలేదని చెప్పాను. క్లారినెట్ పెట్టెలో పెట్టి మూసేసింది. కిందికి దిగడం లేదు. "నేను రోజు ప్రాక్టీస్ చేసింది మామ్. ఎందుకు నమ్మడు?" అని ఏడ్చింది. మీ బావ అయితే ఆ కర్రముక్క మనకొద్దు, వాడినే ఊరేగించుకోమను అన్నారు. వారం రోజులు నేను నోరు మూసుకుని ఉన్నాను. నా కూతురు చెయ్యని తప్పుకి ఏడుస్తుంటే చూస్తూ ఉన్నాను. ఇంక నా వల్ల కాదు.

మెట్లెక్కింది ఎవడని అడిగావు కదా. ఎవడూ కాదు. నేను.

డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా బేస్‌మెంట్‌లోకి దిగుతాను. క్లారినెట్ ముక్కలు బిగిస్తాను. నవోమి పారేసిన పాత రీడు ఒకటి నా కోటు జేబులో ఉంటుంది, అది కట్టుకుంటాను. క్లారినెట్‌కి కాస్త నోటి ఆవిరి పట్టించి, తర్వాత ఒక్కటే స్వరం, మెల్లగా, పైన నిద్రపోయేవాళ్లకి వినిపించకుండా ఊదుతాను. లోపల వెచ్చబడ్డాక పిల్ల మంచి రీడు తడిపి పెట్టి పైకి వెళ్లిపోతాను. నేను మెట్లెక్కుతుండగానే తను దిగి రికార్డర్ నొక్కిన రోజులున్నాయి, రీడు కోసమే వచ్చాననుకుంది గానీ ఊదిన సంగతి నవోమికి తెలియదు. క్లారినెట్ వెచ్చగా ఉందేమిటని ఒకసారి అడిగితే ఫర్నెస్ అనే తనకీ చెప్పాను.

ఇదంతా నాకెవరు నేర్పారో అడుగు. నాన్నే.

చింతపల్లిలో కోడి కుయ్యకముందే నాన్న నన్ను లేపేవారు. "కరుణా, క్లారినెట్‌ని నిద్ర లేపమ్మా" అనేవారు. నేను పొయ్యి రాజేసి, దాని ముందు కూర్చుని, క్లారినెట్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఆ తర్వాత ఊదేదాన్ని. వేళ్లన్నీ వదిలేసి ఊదే ఆ ఒక్క స్వరం. అది వెచ్చబడ్డాక, రీడు తడిపి, పెట్టె మీద పెట్టి, నీళ్లకి వెళ్లేదాన్ని. అప్పుడు నిన్ను లేపేవారు. నువ్వు కళ్లు నులుముకుంటూ వచ్చి, తీసి నోట పెట్టుకుంటే శ్రుతిలో పలికేది. నీ క్లారినెట్ ఒక్క రోజన్నా చల్లగా నీ చేతికి వచ్చిందిరా? మిగతా పిల్లలవి ఏడ్చేవంటే వాళ్ల ఇళ్లల్లో లేపేవాళ్లు లేరు. అంతే.

రెండో స్వరం నేర్పమని నాన్నని అడిగాను. ఆడపిల్లవి, నీకు ఇది చాలు అన్నారు. నీళ్ల కుండ కింద పెట్టి ఏడ్చాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

ఎందుకు దాచావంటావేమో. నాన్న చెప్పొద్దన్నారు. "తమ్ముడికి తెలిస్తే వాడి ధైర్యం పోతుంది, వాడి ముందు ఎప్పుడూ అనకు" అన్నారు. ఆయన పోయినా నేను ఆ మాట తప్పలేదు. నువ్వు అక్టోబరులో కర్ర మహిమ అని రాస్తే నవ్వుకుని ఊరుకున్నాను. నీ మొదటి ఊదు కోసం నా కూతురిని దొంగని చేశాను. ఇకపై చెయ్యను.

క్లారినెట్ ఎవరికి ఇచ్చుకుంటావో నీ ఇష్టం.

కరుణమ్మ

*

ఇర్వింగ్
జనవరి 15, 1984

అక్కా,

వెంటనే రాయలేదు. నిజం చెప్పాలంటే నమ్మలేదు. కూతుర్ని కాపాడుకోవడానికి కథ అల్లావనుకున్నాను. నా బుద్ధి అంతే.

నాన్నగారి క్లారినెట్ కిందికి దించాను. ఈ ఏడు మాకూ చలి విరగ్గొడుతోంది, పైపులు గడ్డకట్టాయి. రాత్రి హీటు తగ్గించి, దాన్ని కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. పొద్దున్నే నాన్నగారి శ్రుతి చువ్వని, ఆ ట్యూనింగ్ ఫోర్కుని, మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. తర్వాత కర్ర పగలకుండా మెల్లగా ఊదాను. కిందికి దిగిపోయి ఏడ్చింది. చింతపల్లిలో నేను ఎగతాళి చేసిన పిల్లల క్లారినెట్లలాగే ఏడ్చింది. శాంతి వంటింట్లోంచి "గేదె ఎక్కడ అరుస్తోంది?" అని అడిగింది. నా పెదవి అలవాటు తప్పిందేమో అనుకుని మర్నాడూ ఊదాను. ఆ మర్నాడూ ఊదాను. ఊదగా ఊదగా వెచ్చబడి పైకి వచ్చింది, ప్రపంచంలో అన్ని క్లారినెట్లూ వచ్చినట్టే.

అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు దాన్ని నోట పెట్టుకుంటే పొయ్యి పొగ వాసన వచ్చేది. కర్ర వాసన అనుకునేవాణ్ణి. బోర్డు మీద చిన్న గీత ఉంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందని పది మందిని నిలదీసేవాణ్ణి, ఆ పొగ ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కరోజు కూడా అనుమానించలేదు. నాకు సిగ్గుగా ఉంది అక్కా. చాలా సిగ్గుగా ఉంది.

నవోమికి విడిగా ఉత్తరం పెట్టాను. తెలుగులోనే రాశాను, కూడబలుక్కుని చదవనీ. నన్ను నేను తిట్టుకున్నదానికంటే ఎక్కువ తిట్టినా ఫర్వాలేదని చెప్పు. బావకి ఫోన్ చేసి క్షమాపణ అడుగుతాను. ఆయన పెట్టేస్తే మళ్లీ చేస్తాను.

క్లారినెట్ పంపుతున్నాను. పార్సెల్ మీద నీ పేరు రాశాను. పిల్లకి ఆడిషన్‌కి ఇస్తావో ఇవ్వవో నువ్వు చూసుకో, అది నీది. దారిలో చల్లబడి ఉంటుంది, వచ్చిన రోజే పెట్టె తెరవకు. చాన్నాళ్లు మూలన పడున్న కర్ర కనుక మొదట్లో రోజుకి కాసేపే ఊదండి.

ఇంకొక్కటి అడుగుతాను, తిట్టకు. నువ్వు ఊదిన క్యాసెట్ ఒకటి పంపు.

ప్రేమా

*

అరోరా
ఫిబ్రవరి 5, 1984

ఒరే ప్రేమా,

పార్సెల్ చేరింది. నువ్వు చెప్పినట్టే ఒక రోజు ముట్టుకోలేదు. నవోమి మాత్రం దాని చుట్టూ పిల్లిలా తిరిగింది.

నీ ఉత్తరాన్ని తను సాయంత్రమంతా కూర్చుని చదివింది. "మామయ్య సారీ చెప్పాడు మామ్, రైటింగ్‌లో!" అని వాళ్ల నాన్నకి చూపించింది. మీ బావ ఇంకా మూతి ముడుచుకునే ఉన్నారు, నువ్వు ఫోన్ చేస్తూ ఉండు. కోపం పూర్తిగా పోలేదు, నాకు కూడా. ఆ "ఎవడు" అన్న మాట ఇంకా మరిచిపోలేదు. కానీ పొద్దున్నే క్లారినెట్‌ని లేపింది నేనేనని పిల్లకి చెప్పేశాను, తను మళ్లీ కిందికి దిగింది. మన నాన్న క్లారినెట్ మీదే ఊదుతోంది. వాళ్ల టీచరమ్మ విని, ఇది ఎక్కడిదని అడిగిందట.

మా అమ్మది అని చెప్పిందట.

సాయంత్రాలు నేను డ్యూటీకి వెళ్లేలోపు నన్ను ఆ వాషింగ్ మెషీను పక్క కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెబుతోంది. బొటనవేలు ఇక్కడ, ఈ వేలు ఇక్కడ అంటుంది. ఎన్నిసార్లు తప్పినా విసుక్కోదు, నీలా కాదు. రెండో స్వరం వచ్చిందిరా నాకు. మూడోది కూడా వచ్చింది. నలభై ఆరేళ్ల ఆడమనిషిని, యూనిఫాం వేసుకుని కూర్చుని ఎంత ఏడ్చానో.

మొన్న శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చాను. కోటు విప్పకుండా అలవాటుగా కిందికి దిగాను. లైటు వేసి ఉంది. క్లారినెట్ బిగించి పెట్టె మీద పెట్టి ఉంది. గ్లాసులో రీడు ఉంది, నా పాతది కాదు, కొత్తది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. పైకి వెళ్లి చూస్తే నవోమి మెడ దాకా దుప్పటి కప్పుకుని కళ్లు మూసుకుని ఉంది. దుప్పటి కింద నుంచి బయటికొచ్చిన కాళ్లకి మేజోళ్లు, చెప్పులు కూడా అలాగే ఉన్నాయి. మళ్లీ కిందికి వచ్చి రికార్డర్ నొక్కాను.

ఆ క్యాసెట్టే ఈ కవర్లో పెడుతున్నాను. ఊదింది నేనే. మూడు స్వరాలే వస్తాయి. మొదటి ఊదుని చివరి ఊదుతో పోల్చి చూసుకుంటావని తెలుసు, చూసుకో. రెండూ ఒకే శ్రుతిలో ఉంటాయి.

ఎందుకని అడగకు. కర్ర మహిమ.

అక్క